ట్రాక్టర్‌కి 40 హెచ్‌పీ చాలా, 50 కావాలా? డీజిల్ లెక్క ఇలా వేసుకోండి

షోరూమ్‌లో అడుగుపెట్టిన ప్రతి రైతూ ముందు అడిగేది ఒకటే: "గంటకి ఎంత తాగుద్ది?" అక్కడున్న సేల్స్ అబ్బాయి కూడా తడుముకోకుండా, "మూడు, మహా అయితే మూడున్నర అండి" అంటాడు. 40 హెచ్‌పీ బండి పక్కన నిలబడి అడిగినా అదే మాట, 50 హెచ్‌పీ పక్కన నిలబడి అడిగినా అదే మాట. మా ఇంట్లో మొదటి ట్రాక్టర్ ఆ మాట నమ్మే కొన్నాం. మట్టిని తిప్పి గుల్ల చేసే రోటవేటర్ తగిలించిన మొదటి రోజే, సాయంత్రానికి ట్యాంకులో అడుగు కనబడింది. ఆ అబ్బాయి అబద్ధం చెప్పాడని ఇప్పటికీ అనను. ఏ పనికి మూడు లీటర్లో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ మూడు లీటర్ల మాట ఎంత డొల్లదో చూడండి. మామూలు ట్రాక్టర్ ఇంజన్ మంచి లోడు మీద నడుస్తున్నప్పుడు ఒక లీటరు డీజిల్‌తో సుమారు నాలుగున్నర హెచ్‌పీ శక్తిని గంటసేపు ఇవ్వగలదు. అంటే గంటకి మూడు లీటర్లే కాలిందంటే, ఆ గంటలో ఇంజన్ చేసిన పని 13, 14 హెచ్‌పీకి మించలేదని అర్థం. అంతమాత్రం శక్తితో ఖాళీ ట్రక్కు (ట్రైలర్) లాగొచ్చు, మందు కొట్టొచ్చు. నల్లరేగడిలో రోటవేటర్ మాత్రం తిరగదు. కాబట్టి ఏ కంపెనీ బండైనా సరే, బరువు పని చేస్తే బరువుకి తగ్గ డీజిల్ తాగాల్సిందే. మనం తేల్చుకోవాల్సింది మన పనికి ఏ సైజు ఇంజన్ అయితే డీజిల్ వృథా కాకుండా ఉంటుందన్నదే.

అది తేల్చుకునే పద్ధతి వరసగా చెప్తాను. ఒక నోటుబుక్కు, ఒక ఫోను, ఒక ప్లాస్టిక్ క్యాను ఉంటే చాలు.

1. గంట లెక్క వదిలేసి ఎకరా లెక్క పట్టుకోండి

పొలం పనిలో గంటకి ఎంత తాగిందన్నది సగం లెక్కే. ఆ గంటలో ఎంత నేల తిరిగిందన్నది మిగతా సగం. ఒక ఉదాహరణ అనుకుందాం. 40 హెచ్‌పీ బండికి 5 అడుగుల రోటవేటర్ తగిలించి ఎకరం పూర్తిచేయడానికి గంటా పది నిమిషాలు పట్టింది, 5.4 లీటర్లు అయింది. అదే పొలంలో 50 హెచ్‌పీ బండి 6 అడుగుల రోటవేటర్‌తో 55 నిమిషాల్లో ముగించింది, 5.1 లీటర్లు అయింది. గంట లెక్కలో చిన్నది 4.6 లీటర్లు, పెద్దది 5.6 లీటర్లు. ఊళ్లో అందరూ పెద్దది గంటకి లీటరు ఎక్కువ తాగుతోందనే చెప్పుకుంటారు. ఎకరా లెక్క చూస్తే పెద్దదే పావు లీటరు పైచిలుకు తక్కువ తాగింది.

ఇదే మాట తిరగేసి చూడండి. ఆ రెండు బండ్లనీ మందు కొట్టే స్ప్రేయర్‌కి పెడితే, రెండింటికీ పట్టే టైము ఒకటే, చేసే పని ఒకటే. అక్కడ పెద్ద ఇంజన్ గంటకి పావు నుంచి అర లీటరు ఊరికే ఎక్కువ తాగుతుంది. ఎందుకంటే ఏ ఇంజన్‌కైనా తన సొంత ఖర్చు ఒకటి ఉంటుంది. పిస్టన్ల రాపిడి, ఫ్యాను, నీళ్ల పంపు, హైడ్రాలిక్ పంపు, ఇవన్నీ లోడు ఉన్నా లేకపోయినా తిరగాలి, వాటిని తిప్పడానికి డీజిల్ కాలాలి. ఇంజన్ పెద్దదైతే ఆ సొంత ఖర్చూ పెద్దదే. గ్లాసుడు టీ కోసం పెళ్లి వంటల గాడిపొయ్యి వెలిగించినట్టు ఉంటుంది.

అయితే డీజిల్ ఇంజన్‌లో ఈ నష్టం పెట్రోల్ ఇంజన్‌లో ఉన్నంత ఘోరంగా ఉండదు. పెట్రోల్ ఇంజన్ తక్కువ లోడు మీద గాలిదారి సగం మూసుకుని, ఆ అడ్డు గుండా గాలి పీల్చుకుంటూ నడుస్తుంది. డీజిల్ ఇంజన్‌కి ఆ మూత లేదు, పోసే డీజిల్ తగ్గించుకుంటుంది అంతే. అందుకే "పెద్ద ఇంజన్ కొంటే ఇల్లు గుల్ల" అనే భయం అంతగా అక్కర్లేదు.

2. ఏడాది పనుల పట్టీ రాయండి

ఈ అడుగు చాలామంది దాటేస్తారు. నా దృష్టిలో సగం నిర్ణయం ఇక్కడే తేలిపోతుంది. నోటుబుక్కులో ఒక పేజీ తీసి, పోయిన ఏడాది ఏ నెలలో ఏ పనికి ట్రాక్టర్ వాడారో, సుమారు ఎన్ని గంటలో రాయండి. సొంత బండి లేకపోతే కిరాయి ఎన్ని గంటలకి కట్టారో గుర్తు తెచ్చుకుని రాయండి. వేసవి దుక్కి, తొలకరి దుక్కి, దమ్ము, రోటవేటర్, అంతరకృషి, మందు కొట్టడం, ధాన్యం తోలడం, ఎరువు తోలడం, నీళ్ల ట్యాంకరు, ఇంకా పెళ్లికి జనాన్ని తీసుకెళ్లడం కూడా. నవ్వకండి, కొన్ని బండ్లు పొలంలో కంటే రోడ్డు మీదే ఎక్కువ తిరుగుతాయి.

రాశాక ఒక్కో పని పక్కన "బరువు" లేదా "తేలిక" అని పెట్టండి. రోటవేటర్, రెక్క నాగలి, దమ్ము, నిండు ట్రక్కుతో ఎత్తు ఎక్కడం బరువు పనులు. మిగతావి చాలావరకు తేలికే.

నల్గొండ వైపు బత్తాయి తోట ఉన్నాయన పట్టీ రాస్తే ముప్పావు వంతు తేలిక పనే తేలుతుంది. చెట్ల మధ్య దున్నడం, మందు కొట్టడం, కాయ తోలడం. ఆయనకి 50 హెచ్‌పీ పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పైగా కొమ్మల కింద దూరదు. 20 నుంచి 28 హెచ్‌పీ లోపు చిన్న బండి ఆయనకి సరిపోతుంది. నంద్యాల, ఆదిలాబాద్ లాంటి చోట్ల నల్లరేగడిలో పత్తో శనగో వేసే ఆయన పట్టీ వేరు. అక్కడ నేల ఎండితే రాయి, తడిస్తే బంక. లోతు దుక్కి చేయాలంటే 45 దాటాల్సిందే. చెల్క నేలలో వేరుశనగో కందో వేసుకునే ఆయనకి 9 పళ్ల కల్టివేటర్‌ని 40 హెచ్‌పీ హాయిగా లాగేస్తుంది.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో దమ్ము సంగతి మాత్రం విడిగా చెప్పుకోవాలి. అక్కడ హెచ్‌పీ కంటే బండి బరువు ఎక్కువ మాట్లాడుతుంది. దిగబడే చేలో బరువైన పెద్ద బండి తన్ను తాను పైకి లాక్కోవడానికే సగం డీజిల్ తగలేస్తుంది. తేలికగా ఉండి నాలుగు చక్రాలూ తిరిగే బండి, తక్కువ హెచ్‌పీతోనే ఎక్కువ చేను తొక్కుతుంది. మీ చేలో ఇప్పటిదాకా ఏ బండి దిగబడిందో, ఏది దిగబడలేదో పక్క రైతులని అడగండి. బ్రోచర్‌లో అది దొరకదు.

3. పనిముట్టు ముందు ఖాయం చేయండి, ఇంజన్ తరవాత

మనలో చాలామంది ముందు బండి కొని, తరవాత దానికి ఏ రోటవేటర్ పడుతుందా అని వెతుకుతారు. వరస తిరగబడింది. మీ పట్టీలో డీజిల్ ఎక్కువ మింగే పని ఏదో దానికి కావాల్సిన పనిముట్టు సైజు ముందు తేల్చండి. 5 అడుగుల రోటవేటర్‌కి 40 ప్రాంతం, 6 అడుగులకి 45 నుంచి 50, 7 అడుగులకి 50 పైన. నల్లరేగడి అయితే ప్రతి సైజుకీ ఇంకో నాలుగైదు హెచ్‌పీ కలుపుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బానెట్ మీద రాసిన హెచ్‌పీ ఇంజన్‌ది. రోటవేటర్‌ని తిప్పేది బండి వెనక తిరిగే పీటీఓ షాఫ్ట్. గేర్లూ అవీ దాటుకుని అక్కడికి చేరేసరికి మిగిలేది సుమారు 85 నుంచి 90 శాతం. 40 హెచ్‌పీ అంటే పీటీఓ దగ్గర 34 నుంచి 36 అనుకోండి. నాగలి లాగే హుక్కు దగ్గరికి వచ్చేసరికి టైరు జారుడు కూడా కలిసి ఇంకా తగ్గుతుంది, మెత్తటి నేలలో మరీ తగ్గుతుంది. కాబట్టి రోటవేటర్ అమ్మేవాళ్లు "40 హెచ్‌పీ కావాలి" అంటే ఇంజన్‌దా పీటీఓదా అని అడగండి.

లోడు ఎంత ఉండాలి? బరువు పనిలో ఇంజన్ తన శక్తిలో 60 నుంచి 80 శాతం వాడుతుంటే డీజిల్‌కి మంచి గిట్టుబాటు. ఎప్పుడూ 30 శాతం దగ్గరే నడిచేది పెద్దదైపోయినట్టు, ఎప్పుడూ నల్లపొగ కక్కుతూ గుంజుకునేది చిన్నదైపోయినట్టు. 35 హెచ్‌పీకి 6 అడుగుల రోటవేటర్ తగిలించి, కింది గేర్‌లో, నిండా యాక్సిలరేటర్ నొక్కి ఈడ్పిస్తున్న బండ్లు మా వైపు చాలానే ఉన్నాయి. చిన్న ఇంజన్ కాబట్టి మిగులుతోందని వాళ్ల నమ్మకం. ఎకరానికి లెక్క కట్టి చూస్తే 45 హెచ్‌పీ బండి కంటే ఎక్కువే తాగుతున్నాయి. క్లచ్ ప్లేట్ల ఖర్చు అదనం.

4. కాగితాలు చదవండి, ముఖ్యంగా టెస్ట్ రిపోర్ట్

సీసీ చూసి మోసపోవద్దు. పాత మహీంద్రా 475 డీఐ, 575 డీఐ రెండింటికీ ఇంజన్ 2,730 సీసీయే, ఒకటి 42 హెచ్‌పీ, ఇంకోటి 45. కుబోటా ఎంయూ 4501 నాలుగు సిలిండర్లు, 2,434 సీసీ. ఇంచుమించు అదే తరగతి స్వరాజ్ 744 ఎఫ్‌ఈ మూడు సిలిండర్లు, 3,000 పైచిలుకు సీసీ. మొదటిది 2,500 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దగ్గర చురుగ్గా తిరిగి తన శక్తి ఇస్తుంది, రెండోది 2,000 దగ్గర నిదానంగా తిరుగుతూ ఇస్తుంది. "మూడు సిలిండర్లు తక్కువ తాగుతాయి, నాలుగు ఎక్కువ తాగుతాయి" అని రచ్చబండ దగ్గర వినే మాటకి ఆధారం లేదు. సిలిండర్లు లెక్కపెట్టినంత మాత్రాన డీజిల్ తెలియదు.

తెలిసేది టెస్ట్ రిపోర్టులో. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లని పరీక్షించి రిపోర్ట్ ఇస్తుంది. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా అదే కోవకి చెందిన దక్షిణాది సంస్థ ఉంది, అక్కడ రైతులకి శిక్షణ కోర్సులు నడుస్తాయి. డీలర్‌ని మీరు చూస్తున్న మోడల్ టెస్ట్ రిపోర్ట్ కాపీ అడగండి. పేజీలు చాలా ఉంటాయి, మనకి కావాల్సింది పీటీఓ పరీక్షలో ఉండే రెండు అంకెలే. ఒకటి, పీటీఓ దగ్గర కొలిచిన గరిష్ఠ శక్తి. రెండు, ఒక కిలోవాట్ శక్తిని గంటసేపు ఇవ్వడానికి ఎన్ని గ్రాముల డీజిల్ కాలిందన్నది. ఈ రెండో అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. ఒక బండికి 240, ఇంకో బండికి 260 ఉందనుకోండి, అదే పనికి రెండోది సుమారు 8 శాతం ఎక్కువ తాగుతుంది. 40, 50 మధ్య మనం ఇంతసేపూ తర్జనభర్జన పడుతున్న తేడా కంటే ఒక్కోసారి ఇదే పెద్దది. నిండు లోడు దగ్గరి అంకెతో ఆగకుండా, అదే పరీక్షలో తక్కువ లోడు వరసలు కూడా చూడండి. మీ పట్టీలో తేలిక పని ఎక్కువ ఉంటే మీకు పనికొచ్చేది ఆ వరసే.

రిపోర్ట్ లేదు, ఉన్నా ఇవ్వం అనే డీలర్ ఎదురైతే టెన్షన్ పడకండి. బండి డెమో అడగండి, దాని సంగతి కింద చెప్తాను.

50 దగ్గర ఒక గీత ఉందని కూడా గుర్తుంచుకోండి. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. దాంతో ఆ పైన బండ్లకి మామూలు పంపు బదులు కారుల్లో లాగా సీఆర్‌డీఐ ఇంజన్లు వచ్చాయి, ధర పెరిగింది. డీజిల్‌ని కంప్యూటర్ కొలిచి పోస్తుంది కాబట్టి ఖర్చు విషయంలో అది మంచిదే. కానీ డ్రమ్ములో నిలవ ఉంచిన మురికి డీజిల్ దానికి పడదు, ఊరి మెకానిక్ స్పానర్‌తో దారికి తెచ్చే రకమూ కాదు. చాలా మోడళ్లు 49 దగ్గరో 50 దగ్గరో ఆగిపోయి ఉండటం యాదృచ్ఛికం కాదు. సర్వీస్ సెంటర్ మీ ఊరికి 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ గీత దాటే ముందు రెండుసార్లు ఆలోచించండి.

5. డెమో రోజు క్యాను పట్టుకుని నిలబడండి

అసలు పని ఇది. డీలర్లు డెమో ఇస్తారు, కానీ మామూలుగా ఏం జరుగుతుందంటే బండి వస్తుంది, రెండు సాళ్లు దున్నుతారు, టీ తాగుతారు, వెళ్లిపోతారు. అలా వద్దు. ముందే ఫోన్ చేసి రెండు సైజుల బండ్లూ ఒకే రోజు, వాటి వాటి సైజు రోటవేటర్లతో కావాలని చెప్పండి. సీజన్ ముందు అడిగితే ఇస్తారు, తొలకరి పడ్డాక అడిగితే ఎవరికీ ఖాళీ ఉండదు.

ఒకే పొలం, ఒకే పదును. ఎకరం చెక్కని రెండు అరెకరాలుగా గట్టిగా కొలిచి గుర్తులు పెట్టండి. టేపు లేకపోతే ఫోన్‌లో భూమి కొలిచే యాప్‌తో గట్టు చుట్టూ నడవండి. యాప్ లెక్క కాస్త అటూ ఇటూ అయినా రెండు ముక్కలకీ అదే యాప్ వాడితే మనకి నష్టం లేదు.

బండిని చదునైన చోట, కల్లం మీదో సిమెంటు నేల మీదో నిలపండి. ఏటవాలుగా ఉంటే ట్యాంకు నిండినట్టే కనబడి లీటరు తేడా వస్తుంది. టైర్లు ఆగిన చోట సుద్దతో గీత గీయండి, తిరిగి వచ్చాక అదే గీత మీదకి రావాలి. ఇంజన్ కాసేపు నడిపి వేడెక్కాక ఆపి, డీజిల్‌ని మూతి దాకా పోయండి. పోయగానే నురగ పొంగుతుంది, నిండిందనుకుని మూత పెట్టేస్తే మోసపోయినట్టే. రెండు నిమిషాలు ఆగండి, నురగ దిగుతుంది, మట్టం వేలెడు కిందకి పోతుంది. మళ్లీ పోయండి. ఇలా మూడుసార్లు చేస్తే గానీ మట్టం నిలవదు. నిలిచాక మూత పెట్టి, ఫోన్‌లో టైము చూసుకుని, పొలంలోకి పంపండి.

టైముకి ట్రాక్టర్ గంటల మీటరు నమ్మకండి. చాలా బండ్లలో ఆ మీటరు ఇంజన్ చుట్లని లెక్కపెడుతుంది. ఇంజన్ నిండు స్పీడులో తిరిగినప్పుడే అది నిజం గంట చూపిస్తుంది, నెమ్మదిగా నడిపితే గంట పనిని ముప్పావు గంట అంటుంది. గంటకి ఎంత తాగిందన్న వాదనల్లో సగం గొడవ ఈ మీటరుతోనే వస్తుంది.

రెండు బండ్లకీ డ్రైవర్ ఒకడే ఉండాలి, మీ వాడైతే ఇంకా మంచిది. డీలర్ మనిషి రోటవేటర్‌ని రెండు వేళ్లు పైకెత్తి తోలితే డీజిల్ బాగా మిగులుతుంది, దుక్కి మాత్రం పైపైనే. అందుకే వెనకే నడుస్తూ నాలుగైదు చోట్ల పుల్ల గుచ్చి లోతు చూడండి. రెండు బండ్లకీ లోతు ఒకటే ఉంటేనే పోలిక చెల్లుతుంది.

పని అయ్యాక సుద్ద గీత మీదకి తెచ్చి, క్యానులోంచి కొలిచి మళ్లీ మూతి దాకా పోయండి. లీటరు నీళ్ల సీసా ఒకటి కొలతకి పెట్టుకుంటే చివరి ముక్కలు తేలికగా తెలుస్తాయి. నురగ దిగేదాకా ఆగడం ఇక్కడ కూడా మర్చిపోవద్దు. ఎంత పట్టిందో దాన్ని రెండుతో గుణిస్తే ఎకరానికి లీటర్లు. టైము కూడా అలాగే.

ఇంకో చిన్న పరీక్ష కూడా చేయొచ్చు, దీనికి కొలతలేవీ అక్కర్లేదు. బండి లోడులో నడుస్తుండగా యాక్సిలరేటర్‌ని ఒక్కసారిగా కొంచెం పెంచమనండి. ఇంజన్ వెంటనే అందుకుని స్పీడు పెరిగితే దానికి ఇంకా శక్తి మిగిలి ఉంది. మూలిగి, నల్లపొగ వదిలి, స్పీడు పెరగకపోతే ఆ పనికి అది చిన్న ఇంజనో, లేదా గేరు తప్పో. ఒక గేరు తగ్గించి మళ్లీ చూడండి. కింది గేరులో కూడా మూలిగితే ఆ సైజు మీకొద్దు.

6. వడ్డీని లీటర్లలోకి మార్చండి

ఇప్పుడు చేదు లెక్క. రెండు సైజుల మధ్య ధర తేడా రెండు లక్షలు అనుకుందాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగడంతో ఈ తేడా కూడా కాస్త తగ్గింది, మీ డీలర్ చెప్పిన అంకే వేసుకోండి. ఆ రెండు లక్షలకి ఏడాదికి 10 శాతం వడ్డీ అంటే 20 వేలు. డీజిల్ లీటరు 100 అనుకుంటే 200 లీటర్లు.

పైన చెప్పిన ఉదాహరణలో పెద్ద బండి ఎకరానికి 0.3 లీటరు మిగిల్చింది. ఒక్క వడ్డీ తీరాలంటేనే ఏడాదికి 660 ఎకరాలకి పైగా రోటవేటర్ వేయాలి. పన్నెండెకరాల సొంత చేను ఉన్నాయనకి అది అయ్యే పనేనా? రెండు పంటలు, పంటకి రెండుసార్లు వేసినా 48 ఎకరాల పని. మిగిలేది 14, 15 లీటర్లు. డీజిల్ ఆదా అవుతుందని పెద్ద బండి కొంటున్నానని ఎవరైనా అంటే, వాళ్లు తమకి తామే సర్దిచెప్పుకుంటున్నారు.

పెద్ద బండి సంపాదించేది టైములో. తొలకరి వాన పడి పదును మూడు రోజులే ఉన్నప్పుడు రోజుకి ఏడు ఎకరాలు చేసే బండికీ తొమ్మిది చేసే బండికీ మధ్య తేడా కిరాయికి తిప్పేవాడికే తెలుస్తుంది. బయట కిరాయికి తిప్పే ఉద్దేశం, తోలే మనిషి, అడిగే రైతులు ఉంటే 50 వైపు వెళ్లండి. సొంత చేనే లోకం అయితే, పట్టీలో బరువు పని సగానికి తక్కువ ఉంటే, 40 దగ్గర ఆగండి. ఏడాదికి నాలుగు రోజులే పడే లోతు దుక్కి కోసం పెద్ద బండి కొనే బదులు ఆ నాలుగు రోజులూ కిరాయికి పెట్టుకోవడం ఎంతో నయం.

కొన్నాక

ఏ సైజు కొన్నా, తోలే చేతిలో పోయే డీజిల్ చిన్నది కాదు. తేలిక పనిలో పై గేరు వేసి, యాక్సిలరేటర్ తగ్గించండి. 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర చేసే పనినే పై గేరులో 1,500 దగ్గర చేయిస్తే పెద్ద ఇంజన్ సొంత ఖర్చు చాలా తగ్గిపోతుంది. చిన్న బండితో తేడా కూడా దాదాపు చెరిగిపోతుంది. పీటీఓ పనుల్లో షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరగాలి కాబట్టి అలా తగ్గించడం కుదరదు. ఎకానమీ పీటీఓ ఉన్న బండైతే తేలిక పనులకి అది వేసుకోండి, తక్కువ ఇంజన్ స్పీడుకే 540 వస్తుంది. మీరు కొనబోయేది పెద్ద సైజు అయితే ఇది ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

టైరు జారుడు ఇంకో దొంగ. వెనక టైరు మీద సుద్దతో గీత గీసి, నాగలి ఎత్తి ఆ టైరు 10 చుట్లు తిరిగేదాకా పక్కనే నడిచి దూరం కొలవండి. తరవాత నాగలి దించి మళ్లీ 10 చుట్లు. నాగలి ఎత్తినప్పుడు 41 మీటర్లు, దించినప్పుడు 36 వచ్చిందనుకోండి, జారుడు 12 శాతం. మెట్ట దుక్కిలో 10 నుంచి 15 శాతం దాకా పర్వాలేదు. 25 దాటితే నాలుగో వంతు డీజిల్ మట్టి గీరడానికి పోతున్నట్టే, టైర్లలో నీళ్లు నింపించడమో బరువులు వేయించడమో చేయాలి. రోడ్డు పనికి వెళ్లేటప్పుడు ఆ బరువులు తీసేయండి. నెలల తరబడి వాటిని ఊరికే మోసుకు తిరిగే బండ్లు చూస్తుంటే నాకు జాలేస్తుంది.

చివరగా, డెమోలో చేసిన మూతి దాకా పరీక్షనే కొత్త బండి మొదటి సర్వీస్ అయ్యాక మీ చేలో ఒకసారి చేసి, ఏ చెక్కలో ఏ పనికి ఎకరానికి ఎన్ని లీటర్లో షెడ్డు గోడ మీద తేదీతో రాసుకోండి. మరుసటి ఏడు అదే చెక్కలో, అదే పదునులో అర లీటరు పెరిగితే ముందు ఎయిర్ క్లీనర్ విప్పి చూడండి. నూర్పిళ్ల కాలం దాటిన బండిలో అక్కడ గుప్పెడు దుమ్ము ఉంటుంది. అది శుభ్రం చేసినా తగ్గకపోతే ఇంజెక్టర్లు విప్పించి, పంపు షాపులో టెస్ట్ చేయించండి.